సెలవుల్లో బడి తాళంచెవి ఎవరి దగ్గరుండాలి? విద్యాశాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ పాఠశాల విద్యాశాఖ కార్యదర్శి గారికి, జిల్లా కలెక్టర్లకు, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల అధ్యక్షురాళ్లకు,

నమస్కారం.

నేను హనుమకొండలో ఒక పెద్ద బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ మీద పనిచేస్తాను. మా ఆయన డీసీఎం వ్యాన్ నడుపుతారు, వారంలో సగం రోజులు రోడ్డు మీదే. మాకు ఇద్దరు పిల్లలు. పాపకు పదకొండేళ్లు, బాబుకు ఏడు. ఇద్దరూ సర్కారు బళ్లోనే చదువుతున్నారు. చదువు మీద నాకు ఫిర్యాదేమీ లేదు. బడి ఉన్న రోజు నా పని నేను నిశ్చింతగా చేసుకుంటాను. ఈ ఉత్తరం బడి లేని రోజుల గురించి.

2025లో వేసవి సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా, 49 రోజులు. దానికి ముందు మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు. పొద్దున ఎనిమిదికి వెళ్లిన పిల్లలు పన్నెండున్నరకు బడి వదిలాక అన్నం తిని, సరిగ్గా ఎండ నెత్తి మీద ఉన్నప్పుడు ఇంటికొస్తారు. కాబట్టి మా ఇళ్లలో వేసవి సెలవుల టెన్షన్ మార్చి మధ్యలోనే మొదలవుతుంది. తర్వాత దసరాకు ఇంచుమించు రెండు వారాలు, సంక్రాంతికి మరికొన్ని రోజులు. దసరా, సంక్రాంతి, వేసవి ముహూర్తాలు, ఈ మూడూ బట్టల షాపుకు ఏడాది మొత్తంలో గిరాకీ ఉండే రోజులు. ఆ రోజుల్లో సెలవు అడిగితే సూపర్‌వైజర్ మొహం ఎలా పెడతాడో షాపుల్లో పనిచేసే వాళ్లందరికీ తెలుసు. 2024లో మూఢం పుణ్యమా అని మే, జూన్ నెలల్లో పెళ్లిళ్లు లేకపోయేసరికి మా కౌంటర్ల దగ్గర జనం పలచబడ్డారు. ఆ ఒక్క వేసవిలోనే నాకు మధ్యాహ్నం పూట ఇంటికి వెళ్లొచ్చే వీలు దొరికింది. పిల్లల క్షేమం శుక్ర మూఢం మీద ఆధారపడటం మంచి పద్ధతి కాదు కదా సార్.

షాపులో కౌంటర్ ఎక్కే ముందు ఫోన్ లాకర్లో పెట్టెయ్యాలి. అది రూలు. ఇంట్లో ఏదైనా అయితే పాప షాపు ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేస్తుంది. అది ఎత్తిన వాళ్లు తీరిక దొరికినప్పుడు పాత బిల్లు వెనక రాసి నాకు పంపిస్తారు. మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం అలాంటి చీటీ వచ్చింది: "మీ పాప ఫోన్. కరెంట్ పోయింది. తమ్ముడు బయటికి పోయిండు." నా చేతికి అందేసరికి ఎంతసేపయిందో రాసినాయనకే గుర్తులేదు. నా ముందు లైన్లో పెళ్లి బట్టల వాళ్లు, నాలుగు ట్రాలీల చీరలతో. తర్వాత ఏమైందంటే, ఏమీ కాలేదు. బాబు పక్క గల్లీలో బోరింగ్ దగ్గర దొరికాడు. చెప్పడానికి ఇంతకంటే కథ లేదు. ఈ రాష్ట్రంలో సెలవుల్లో ఇలాంటి "ఏమీ కాలేదు"లు రోజుకు ఎన్నో జరుగుతుంటాయి. వాటిలో ఎప్పుడో ఒకటి మాత్రం పేపర్లోకి ఎక్కుతుంది.

పేపర్లోకి ఎక్కినవి మీకూ తెలుసు. 2025 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో, విజయనగరం దగ్గర ద్వారపూడిలో, ఆడుకుంటూ ఆడుకుంటూ ఆగి ఉన్న కారులోకి ఎక్కిన నలుగురు పిల్లలు డోర్లు లాక్ పడి ఊపిరాడక చనిపోయారు. సెలవుల్లో, ఒక ఆదివారం. ఇక నీళ్ల సంగతి. ప్రతి వేసవిలో జిల్లా పేజీలో చెరువో, కాలువో, క్వారీ గుంతో ఏదో ఒకటి ఉంటుంది. మన దేశంలో ఏటా 35 వేల మందికి పైగా నీళ్లలో మునిగి చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. మా వైపు ఎస్సారెస్పీ కాకతీయ కాలువ ఉంది, వ్యవసాయ బావులున్నాయి, మట్టి తవ్వి వదిలేసిన గుంతలున్నాయి. మా నాన్న కాలంలో పిల్లల నడుముకు లారీ ట్యూబో, ఎండిన ఆనపకాయ బుర్రో కట్టి, తాడు పట్టుకుని పెద్దవాళ్లు ఒడ్డున నిలబడి ఈత నేర్పేవాళ్లు. ఆ పెద్దవాళ్లు ఇప్పుడు పనుల్లో ఉన్నారు. పిల్లలు పిల్లలతోనే వెళ్తున్నారు. ఒకడు మునిగితే వాడిని లాగడానికి ఇంకొకడు దూకుతాడు. అందుకే వార్తల్లో చాలాసార్లు ఒక్క పేరు ఉండదు, రెండో మూడో ఉంటాయి.

"అమ్మమ్మ ఊరికి పంపొచ్చు కదా" అనే మాట నేను కనీసం పదిమంది దగ్గర విన్నాను. పంపుతాం. ఒక వారం, పది రోజులు. మా అమ్మకు అరవై దాటినా ఇంకా కూలికి వెళ్తుంది. వేసవిలో ఉపాధి పని దొరికితే తెల్లవారకముందే పలుగు, పార, తట్ట పట్టుకుని చెరువు దగ్గరుంటుంది. మధ్యాహ్నం వచ్చి పడుకుంటే మనవడు ఏ బావి దగ్గరున్నాడో ఎవరు చూడాలి? డబ్బున్న ఇళ్లలో అమ్మమ్మలు కూడా ఖాళీగా లేరు. అమెరికాలో కూతురి పిల్లలకు సెలవులిచ్చారని మా కస్టమర్లలో ఎంతమంది పెద్దావిడలు మే నెలలో విమానం ఎక్కడానికి చీరలు కొనుక్కుంటారో నాకు తెలుసు, బిల్లు చేసేది నేనే. అక్కడ సమ్మర్ క్యాంపు ఫీజులు కట్టలేక ఇక్కడి అమ్మమ్మను పిలిపించుకుంటున్నారు. సెలవుల్లో పిల్లలను ఎవరు చూడాలన్న ప్రశ్నకు అన్ని చోట్లా దొరికిన జవాబు ఒక్కటే: జీతం లేని ఒక ఆడమనిషి.

మా ఇంట్లో ఆ ఆడమనిషికి పదకొండేళ్లు. సెలవులొస్తే బాబుకు సెలవులు, పాపకు డ్యూటీ. వాడికి అన్నం పెట్టాలి, వాడిని బయటికి పోనివ్వకూడదు, గ్యాస్ ముట్టుకోనివ్వకూడదు, వాళ్లనాన్న ఫోన్ చేస్తే ఎత్తాలి, తలుపు ఎవరు కొట్టినా తియ్యకూడదు. బంగారుతల్లి, తమ్ముడిని ఎంత బాగా చూసుకుంటుందో అని వాడకట్టంతా మెచ్చుకుంటుంది. ఆ మెచ్చుకోలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. దాని ఫ్రెండ్స్ సాయంత్రం ఖోఖో ఆడుతుంటే ఇది వాకిట్లో నిలబడి, ఒక కన్ను ఆట మీద, ఒక కన్ను తమ్ముడి మీద పెట్టుకుని చూస్తుంటుంది. రోజంతా లోపలే ఉన్న పిల్లలు ఏం చేస్తారు? ఫోన్ చూస్తారు. జూన్లో బడి తెరిచేసరికి బాబు ఒళ్లు చేసి ఉంటాడు, చూపు మసకగా ఉందంటాడు, పొద్దున లేవమంటే లేవడు. పిల్లలు ఫోన్లకు అతుక్కుపోతున్నారని ఉపన్యాసాలిచ్చే వాళ్లను అడగాలనిపిస్తుంది, తాళం వేసిన రెండు గదుల్లో పదిగంటల పాటు ఇంకేం చెయ్యమంటారని.

ఇక చట్టాల సంగతి. షాపులో ఒక లాయరమ్మ మాకు రెగ్యులర్ కస్టమర్. ఆమెను అడిగి, చదివి తెలుసుకున్నది చెబుతున్నాను. మహిళలు ఎక్కువగా పనిచేసే చోట శిశుగృహం ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. అది ఆరేళ్లలోపు పిల్లలకు. 2005 ఉపాధి హామీ చట్టం రాసినప్పుడు, పనిచోటికి ఐదుగురు పిల్లలొస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టాలన్నారు. అదీ ఆరేళ్లలోపు పిల్లలకే. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి, 50 మంది, అంతకు పైబడి పనిచేసే ప్రతి సంస్థకూ శిశు సంరక్షణ కేంద్రం తప్పనిసరి చేశారు. తర్వాత వచ్చిన మార్గదర్శకాల్లో వయసు ఆరు నెలల నుంచి ఆరేళ్లు. 1975 నుంచి నడుస్తున్న అంగన్‌వాడీలదీ అదే లెక్క. (మా షాపులో 50 మంది కంటే చాలా ఎక్కువే ఉన్నాం. శిశు సంరక్షణ కేంద్రం ఎక్కడుందో ఇంతవరకు నా కంటపడలేదు. అది కార్మిక శాఖతో ఇంకో ఉత్తరం.)

మరి ఆరేళ్ల తర్వాత? అక్కడినుంచి 2009 విద్యాహక్కు చట్టం అందుకుంటుంది, ఆరు నుంచి పద్నాలుగేళ్ల దాకా. బాగానే ఉంది. కానీ ఆ చట్టం ప్రకారం బడి నడవాల్సింది ఐదో తరగతి దాకా ఏడాదికి 200 రోజులు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 రోజులు. మిగతా రోజుల్లో ఏడేళ్ల పిల్లాడు ఏ చట్టం కిందికీ రాడు, ఏ శాఖ లెక్కలోనూ ఉండడు. వాడికి ఆరో పుట్టినరోజు నాడే పెద్దరికం వచ్చేసినట్టు మన చట్టాలన్నీ కలిసి నిర్ణయించేశాయి.

క్యాంపులు లేవా అంటే ఉన్నాయి. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ ఏటా వేసవి క్రీడా శిబిరాలు పెడుతుంది. ఆరు నుంచి పదహారేళ్ల పిల్లలకు, నామమాత్రపు ఫీజుతో, ఎన్నో ఆటల్లో కోచింగ్. మంచి పని, ఎవరు కాదన్నారు. టైము చూడండి: పొద్దున ఆరింటి నుంచి ఎనిమిదింపావు దాకా. జిల్లాల్లో స్టేడియం క్యాంపులూ ఇంతే, పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. చాలా ఊళ్లలో శాఖా గ్రంథాలయం పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఏడు. మనం ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. సరిగ్గా మాకు కావలసిన పదకొండు నుంచి నాలుగు మధ్య ఆ తలుపులు మూసి ఉంటాయి. ప్రైవేటు సమ్మర్ క్యాంపులు కూడా రెండు గంటలు, మూడు గంటలు. మధ్యలో తీసుకెళ్లి దింపేవాళ్లు, తీసుకొచ్చేవాళ్లు వేరే ఉండాలి. ఫీజు మా జీతాలకు అందదు, అది ఎలాగూ ఉంది.

నేను గమనించింది ఒక్కటే. ఈ శిబిరాలన్నీ ఇంట్లో ఒక మనిషి ఖాళీగా ఉంటుందన్న లెక్క మీద తయారైనవి. పిల్లలకు ఏం నేర్పాలన్నది అందరూ ఆలోచించారు, చిత్రలేఖనం, కరాటే, స్పోకెన్ ఇంగ్లిష్. పిల్లలు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా ఎక్కడుండాలన్నది ఎవరూ ఆలోచించలేదు. మాకు కొత్త కోర్సు అక్కర్లేదు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా నీడ, నీళ్లు, మరుగుదొడ్డి, ఒక పూట అన్నం, నలుగురు తోటి పిల్లలు, నమ్మకమైన పెద్ద మనిషి కావాలి. అంతే.

ఇవన్నీ ఉన్న చోటు ప్రతి ఊళ్లో, ప్రతి వార్డులో ఒకటి ఉంది. సెలవుల్లో దానికి తాళం వేస్తున్నాం.

అందుకే నా విన్నపం: సెలవుల్లో ప్రతి మండలంలో కొన్ని సర్కారు బళ్లలో రెండు గదులు, వంటగది, గ్రౌండు తెరిచి ఉంచండి. టీచర్లను పిలవొద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఇలాంటి ఆలోచన రాగానే ఎవరో ఒకరు "టీచర్లకు డ్యూటీ వేద్దాం" అంటారు. ఎన్నికలు, సర్వేలు, పరీక్షలు, అన్నీ వాళ్ల నెత్తినే పెట్టాం. వేసవి సెలవులు ఉన్నాయన్న కారణంతో మిగతా ఉద్యోగులకంటే వాళ్లకు ఆర్జిత సెలవులు తక్కువ. ఆ సెలవులు వాళ్లవే. వాళ్లను వదిలేయండి.

ఆ పని మహిళా సంఘాల అక్కలకు ఇవ్వండి. ఇది గాలిలో మాట కాదు. 2024లో మీరే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టారు. గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు చైర్‌పర్సన్, ప్రధానోపాధ్యాయులు కన్వీనర్. ఆ వేసవి సెలవుల్లోనే బళ్లలో మరుగుదొడ్లు, తాగునీళ్లు, కరెంటు, చిన్నచిన్న రిపేర్ల పనులు ఆ కమిటీల చేతుల మీదుగా జరిగాయి. అంటే వేసవిలో బడి తాళాలు ఆ అక్కల చేతికి ఒకసారి వచ్చాయి, బళ్లేమీ మునిగిపోలేదు. పిల్లల యూనిఫాంలు కుట్టే పని కూడా సంఘాలకే ఇచ్చారు. మా వీధిలో ఒక అక్క మే నెలంతా మిషన్ మీద కూర్చుని బడి నిక్కర్లు కుట్టింది. ఆమె ఇద్దరు పిల్లలు ఆ నెలంతా వీధుల్లో ఉన్నారు. ఇంతకంటే విడ్డూరం ఏముంటుంది?

ఖర్చు గురించి మీరు అడుగుతారు కాబట్టి బిల్లింగ్ చేసేదాన్ని కదా, లెక్క వేసే తెచ్చాను. 2025 సెలవుల్లో ఆదివారాలు తీసేస్తే 42 రోజులు. ఒక కేంద్రంలో 60 మంది పిల్లలు, ముగ్గురు అక్కలు, ఒక్కొక్కరికి రోజుకు 450 రూపాయలు అనుకుందాం. 56,700 అవుతుంది. అన్నానికి మధ్యాహ్న భోజన పథకంలో 2025 మే నుంచి సరుకుల ఖర్చు ఒక్కో పూటకు ప్రాథమిక స్థాయి పిల్లలకు 6 రూపాయల 78 పైసలు, ప్రాథమికోన్నత స్థాయికి 10 రూపాయల 17 పైసలు. బియ్యం వేరే వస్తాయి. సగం మంది చిన్నవాళ్లు, సగం మంది పెద్దవాళ్లు అనుకుంటే 21 వేల పైచిలుకు. మొత్తం 80 వేల లోపు. వంట మనిషి గౌరవ వేతనం, గుడ్డు, కరెంటు బిల్లు కలిపినా లక్ష, లక్షా పాతిక వేలు దాటదు. అందులో మమ్మల్ని రోజుకు పిల్లకు ఇరవై రూపాయలు ఇమ్మంటే ఇస్తాం; ఇవ్వలేని వాళ్లను అడగకండి. ఇప్పుడు మేం పక్కింటి వాళ్లకు "కాస్త చూస్తుండండి" అని ఇచ్చుకునే పళ్లు, బిస్కెట్లు, మొహమాటాల ఖర్చే అంతకంటే ఎక్కువ.

సెలవుల్లో బళ్లో అన్నం వండటం ఎలా కుదురుతుందని ఎవరైనా అంటే, కుదిరింది. 2015 నవంబర్లో మన రాష్ట్రంలో 231 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని 2016 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. పొయ్యిలు వెలిగాయి. అన్నం కోసం మాత్రమే మధ్యాహ్నం ఎండలో నడిచి వచ్చి, తిని, మళ్లీ ఎండలో వెళ్లమంటే ఎంతమంది పిల్లలొస్తారన్నది వేరే సంగతి. పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఉండే చోటైతే ఆ చిక్కే లేదు.

ఎండల్లో పిల్లలను బడికి రప్పించడమేమిటన్నది రెండో అభ్యంతరం. సెలవులిచ్చిందే ఎండలకు కదా అంటారు. నిజమే, కానీ సెలవులిచ్చినంత మాత్రాన పిల్లలకు ఎండ తగ్గదు. మా కాలనీలో సగం ఇళ్లకు రేకుల కప్పు. మే నెల మధ్యాహ్నం ఆ రేకుల కింద గంట కూర్చుంటే తెలుస్తుంది. బడికి స్లాబు ఉంది, ఫ్యాన్లున్నాయి, మా బడికైతే రెండు వేపచెట్లున్నాయి. పొద్దున తొమ్మిదిలోపు రావడం, సాయంత్రం ఎండ తగ్గాక పోవడం. పదకొండు నుంచి నాలుగు దాకా గ్రౌండులోకి ఎవరూ పోకూడదు. గంటకోసారి నీళ్ల బెల్లు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఆశా అక్క ఫోన్ నంబర్ గోడ మీద.

ఆడించడం గురించి కూడా ఒక మాట. సమగ్ర శిక్ష పథకం కింద ఆటల సామానుకు ఏటా ప్రాథమిక పాఠశాలకు 5 వేల దాకా, ప్రాథమికోన్నత పాఠశాలకు 10 వేల దాకా, ఉన్నత పాఠశాలకు 25 వేల దాకా వస్తాయి. ఆ సామాను చాలా బళ్లలో బీరువాలో ఉంటుంది. ఒకసారి పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు చూశాను: ప్లాస్టిక్ కవరు కూడా విప్పని స్కిప్పింగ్ తాళ్లు, గాలి లేని వాలీబాల్, మీద రిజిస్టర్ల కట్ట. పోతాయని భయం, పోతే హెడ్మాస్టర్ జవాబు చెప్పాలి. ఆయనను తప్పుపట్టను. కానీ సెలవుల్లో ఆ బీరువా తెరిస్తే సగం పని అయిపోయినట్టే. పొద్దున ఖోఖో, కబడ్డీ. ఎండెక్కాక లోపల క్యారమ్స్, అష్టాచమ్మా, పులిమేక, వామనగుంటలు, గచ్చకాయలు. ఇవి ఆడించడానికి కోచ్ అక్కర్లేదు, మా సంఘం అక్కల్లో సగం మంది గచ్చకాయల్లో చాంపియన్లు. మధ్యాహ్నం కాసేపు పడుకోవాలి. బళ్లో ఉన్న కథల పుస్తకాలు చేతికివ్వాలి, చదివితే చదువుతారు, బొమ్మలు చూస్తే చూస్తారు. పెద్ద పిల్లలకు సాయంత్రం పూట సైకిల్ పంక్చర్ వెయ్యడం, గుండీ కుట్టడం, చపాతీ చెయ్యడం నేర్పితే మంచిది, మగపిల్లలకు కూడా.

సిలబస్ మాత్రం ముట్టుకోవద్దు. సెలవుల్లో ఎవరూ క్లాసులు పెట్టకూడదని మీరు ఏటా ప్రైవేటు బళ్లకు ఆదేశాలిస్తారు. ఆ ఆదేశం కాగితానికే పరిమితమైనా, ఉండాల్సిందే. నేనడిగేది చూపించి ఎవరైనా "మేం కూడా పిల్లల భద్రత కోసమే తెరుస్తున్నాం" అంటూ పదో తరగతి ఫిజిక్స్ మొదలుపెడితే, దయచేసి ఊరుకోకండి. అలాగే ప్రైవేటు బడి పిల్లలను గేటు దగ్గర ఆపొద్దు. మా షాపులో నా తోటివాళ్లలో చాలామంది జీతంలో సగం పోసి పిల్లలను చిన్న ప్రైవేటు బళ్లలో చదివిస్తున్నారు. సెలవుల్లో వాళ్ల పిల్లలూ తాళం వెనకాలే ఉంటారు.

మూడో అభ్యంతరం, అసలైనది, భద్రత. పిల్లలను ఎవరి చేతుల్లో పెడుతున్నామన్న భయం ప్రతి తల్లికీ ఉంటుంది, ఆడపిల్ల తల్లికి ఇంకా ఎక్కువ. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కింద 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం బళ్లు, శిశుగృహాలు, క్రీడా అకాడమీలు, ఇంకా పిల్లలతో రోజూ మెలిగే ఏ సంస్థ అయినా తమ సిబ్బందికి పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి, అప్పుడప్పుడు మళ్లీ చేయించాలి. ఊళ్లో సగం సమ్మర్ క్యాంపులకు ఈ సంగతి తెలుసో లేదో నాకు అనుమానమే. ఫీజు కట్టేముందు తల్లిదండ్రులు అడగాలి. బడి కేంద్రంలోనైతే ముగ్గురూ వాడకట్టుకు తెలిసిన ఆడవాళ్లు, ఎప్పుడూ ఇద్దరికి తగ్గకుండా ఉండాలి. వచ్చినప్పుడు సంతకం, పోయేటప్పుడు సంతకం. తల్లి ముందే రాసిచ్చిన మనిషికి తప్ప మేనమామ వచ్చినా పిల్లను పంపకూడదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు పిల్లలకే కంఠతా రావాలి. బళ్లో సంపు ఉంటే దానికి మూత, మూతకు తాళం. ఇవన్నీ పెద్దగా ఖర్చుతో పనిలేనివే, కానీ ఎవరో ఒకరు రాసి పంపాలి. ఆ ఎవరో మీరే.

పిల్లలను పగలు ఒకచోట కూర్చోబెడితే ప్రాణాలు నిలుస్తాయా అంటే, నిలిచాయి. నిలబెట్టింది మనకంటే పేద దేశమని మనం అనుకునే బంగ్లాదేశ్. అక్కడ చెరువులు, కుంటలు ఇళ్ల ముంగిట్లోనే ఉంటాయి. పసిపిల్లలు ఎక్కువగా మునిగిపోయేది తల్లులు పనుల్లో ఉండే పగటి పూటేనని గమనించి, ఊళ్లలో "ఆంచల్" అనే చిన్న కేంద్రాలు పెట్టారు. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా, వారానికి ఆరు రోజులు, ఆ ఊరి ఆడమనిషికే శిక్షణ ఇచ్చి. ఆ కేంద్రాలకు వచ్చే పిల్లల్లో మునిగి చనిపోవడం 80 శాతం దాకా తగ్గిందని పరిశోధకులు తేల్చారు. 2022లో ఆ దేశ ప్రభుత్వమే 8 వేల కేంద్రాలు పెట్టే పథకానికి ఒప్పుకుంది. అవి ఐదేళ్లలోపు వాళ్లకు. ఆరేళ్లు దాటిన వాళ్లకు ఈత, నీళ్లలో ఎలా మసలుకోవాలో నేర్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన జిల్లా కేంద్రాల్లో ఉన్న ఈత కొలనుల్లో మధ్యాహ్నం పూట రెండు గంటలు బడి పిల్లలకు కేటాయిస్తే అదీ మొదలవుతుంది. అక్కడ చూడండి, వాళ్లు లెక్క కట్టింది గంటలను. ఏ గంటల్లో పిల్లలు పోతున్నారో చూసి ఆ గంటల్లో తలుపు తెరిచారు.

మొత్తం రాష్ట్రమంతా ఒకేసారి చెయ్యమని అడగడం లేదు. మొదటి ఏడాది జిల్లాకు పది బళ్లు చాలు. ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడం కష్టం కాదు: కూలి అడ్డాలు, బట్టల మార్కెట్, ఆసుపత్రులు, పారిశ్రామిక వాడలు ఉన్న చోట, చెరువుకో, కాలువకో, క్వారీకో దగ్గరున్న బళ్లలో. ఆ బడి ఒంటిపూట రోజుల నుంచే సాయంత్రం దాకా తెరిచి ఉండాలి. నర్సులకు, మాలాంటి వాళ్లకు సాయంత్రం ఆరు కూడా చాలదు, నాకు షాపు వదిలేసరికి తొమ్మిదవుతుంది. కానీ చీకటిపడేటప్పటికి మా ఆయనో, మా ఆడబిడ్డో ఎవరో ఒకరు దొరుకుతారు. మాకు దిక్కు లేనిది పగలే.

అమ్మ ఆదర్శ కమిటీ అక్కలకు ఒక మాట. పై నుంచి ఉత్తర్వు వచ్చేదాకా మీరు ఆగనక్కర్లేదు. మీ సమాఖ్య మీటింగులో ఈ విషయం పెట్టండి. మీ సంఘంలో సెలవుల్లో పిల్లలను ఒంటరిగా వదిలి పనికిపోయే వాళ్లు ఎంతమందో చేతులెత్తమనండి. ఆ లెక్క తీర్మానం పుస్తకంలో రాసి హెడ్మాస్టర్ గారికి, మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి ఇవ్వండి. కార్యదర్శి గారి దాకా అది చేరితే, బట్టల షాపు బిల్లింగ్ అమ్మాయి రాసిన ఉత్తరం కంటే దానికి బరువుంటుంది.

కార్యదర్శి గారూ, మీరు చెయ్యాల్సిన మొదటి పని చాలా చిన్నది. సెలవుల్లో బడి తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి, ఏదైనా పోతే, విరిగితే, ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది, ఈ రెండింటి మీద ఒక సర్క్యులర్. ఏ హెడ్మాస్టర్ని అడిగినా "ఇవ్వాలనే ఉందమ్మా, రేపు ఏదైనా అయితే నా మీదకొస్తుంది" అంటారు. ఆ భయం తీర్చగలిగేది మీ సంతకమే. అది మార్చి మొదటి వారంలో వస్తే ఒంటిపూట బడులకు అందుతుంది. ఏప్రిల్ మూడో వారంలో వస్తే వేసవికైనా అందుతుంది. జూన్లో వస్తే మా పాప ఇంకో వేసవి డ్యూటీ చేసి ఉంటుంది.

ఇట్లు,
ఒక బట్టల షాపు ఉద్యోగిని, ఇద్దరు సర్కారు బడి పిల్లల తల్లి,
హనుమకొండ